ఉబ్బు రోగం నుంచి గుండె వైఫల్యం దాకా: సర్కారు కోస్తా, అండమాన్ చెప్పే చరిత్ర

అండమాన్ అనగానే మనం రాసే మొదటి మాట సెల్యులర్ జైలు. 1906లో పూర్తయిన ఆ జైలుకు ఏడు బారులు ఉండేవి, ఇప్పుడు మిగిలినవి మూడు. పోయిన బారుల చోట 1963 నుంచి గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి నడుస్తోంది. (పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది, ప్రిలిమ్స్‌కి గుర్తుంచుకోండి.) జైలు మీద ఎన్ని పేజీలైనా నింపుతాం, పక్కనున్న ఆసుపత్రి మీద ఒక్క పేరా రాయం. ఈసారి అటువైపు నుంచి చూద్దాం.

కాళ్లు వాచిన మనిషి, నాలుగడుగులకే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. మన పల్లెల్లో దీన్ని 'నీరు పట్టింది' అంటారు. యూరప్ వైద్యులు కూడా చాలాకాలం అదే అన్నారు. వాళ్లకి నీరు పట్టడమే రోగం, దాని వెనకున్న గుండె, మూత్రపిండం, కాలేయం వేరువేరుగా కనిపించలేదు. 1785లో విలియం విదరింగ్ అనే ఇంగ్లీషు వైద్యుడు ఫాక్స్‌గ్లోవ్ ఆకుతో కొందరికి నీరు తగ్గుతుందనీ, కొందరికి తగ్గదనీ నమోదు చేశాడు. ఆ మందుకు గుండె మీద పట్టు ఉందని కూడా గమనించాడు. అందరికీ వచ్చిన వాపు ఒకటి కాదన్న అనుమానం అక్కడ బలపడింది.

ఇక మన తీరానికి రండి. 1835లో మద్రాసులో జాన్ మాల్కంసన్ అనే కంపెనీ వైద్యుడు బెరిబెరి మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ఆ వ్యాధి గట్టిగా పాతుకున్న చోటు ఉత్తర సర్కారులు, అంటే గంజాం నుంచి మచిలీపట్నం వైపు సాగే తీరం. బెరిబెరి రెండు రూపాల్లో వస్తుంది. పొడి రూపంలో నరాలు చచ్చుబడతాయి. తడి రూపంలో గుండె దెబ్బతిని ఒళ్లంతా నీరు పడుతుంది. రెండోది అసలు సిసలు గుండె వైఫల్యమే, కానీ వింత రకం. రక్తనాళాలు వదులై, గుండె మామూలు కంటే ఎక్కువ రక్తం తోస్తూనే ఓడిపోతుంది. చాలా గుండె వైఫల్యాల్లో చేతులు చల్లబడితే, ఇందులో తరచు వెచ్చగా ఉంటాయి. విదరింగ్ మందు దీనికి పెద్దగా పనిచేయదు.

మరి కారణం? చెడుగాలి అన్నారు, తేమ అన్నారు. 1890ల్లో జావాలో ఐక్‌మన్ కోళ్లకు పాలిష్ బియ్యం పెట్టి జబ్బు తెప్పించాక గానీ దారి దొరకలేదు. ఆయనకు 1929లో నోబెల్ వచ్చింది. 1926లో జాన్సన్, డోనాత్ అక్కడే థయమిన్‌ను విడదీశారు. కూనూరులో మెక్‌కారిసన్, తర్వాత ఐక్‌రాయిడ్ మన కోస్తా లెక్క తేల్చారు: ఇక్కడి జనం మరపట్టిన పచ్చి బియ్యం తినేవారు, బెరిబెరి అంతగా లేని చోట్ల ఉప్పుడు బియ్యం. వడ్లు ఉడికించినప్పుడు విటమిన్ పొట్టు నుంచి గింజలోకి దిగుతుంది, పాలిష్ చేసినా కొంత మిగులుతుంది. అన్నం తెల్లగా ఉండాలన్న మోజుకు మనవాళ్లు ఇచ్చిన మూల్యం ఇది. నన్నడిగితే రైస్ మిల్లు మీద వ్యాసం రాసే ప్రతివాళ్లూ ఈ సంగతి చేర్చాలి.

ఇదే కాలంలో బెంగాల్‌లో మరో చిక్కు. 1877లో కలకత్తాలో వాపు, ఆయాసం గుంపుగా వచ్చాయి. చాలామంది వైద్యులు అదీ బెరిబెరే అనుకున్నారు. అసలు దోషి ఆవనూనెలో కలిసిన బ్రహ్మదండి గింజల నూనె అని స్థిరపడటానికి 1930లు దాటాయి. ఇక్కడ తప్పు పేరు పెడితే బియ్యం మారుస్తారు, విషపు నూనె మాత్రం అంగట్లోనే ఉంటుంది. 1998లో ఢిల్లీలో అదే కల్తీ మళ్లీ ప్రాణాలు తీసింది. ఆహార భద్రత ప్రశ్న వస్తే ఈ ఉదాహరణ వాడండి.

వర్గీకరణ మాటకొస్తే, 1928లో న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ రోగి ఏం చేయగలడన్నదాన్ని బట్టి నాలుగు తరగతులు పెట్టింది. మామూలు పనికి ఇబ్బంది లేకపోతే మొదటిది, కూర్చున్నా ఆయాసమైతే నాలుగోది. 1971లో ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనం లక్షణాలను పెద్దవి, చిన్నవి అని విడగొట్టింది. మెడ నరం ఉబ్బడం, రాత్రి ఊపిరాడక లేవడం పెద్దవి. ఒట్టి కాలివాపు చిన్నదే. 2001లో అమెరికన్ సంఘాలు ఏ నుంచి డీ దాకా దశలు చేశాయి. ఇందులో జబ్బు బయటపడక ముందే, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఏ దశలో చేరిపోతారు. ఎకో వచ్చాక గుండె ఒక్కో దెబ్బకు తోసే రక్తం శాతం కొలబద్ద అయింది: 40 లేదా తక్కువైతే తగ్గిన రకం, 50 లేదా ఎక్కువైతే నిలిచిన రకం. తడి బెరిబెరిలో ఈ శాతం తరచు బాగానే ఉంటుంది. అందుకే శాతం ఒక్కటే చూసి కారణం చెప్పలేం.

అండమాన్‌కి తిరిగొద్దాం. 2011 జనగణన ప్రకారం అక్కడ సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి, అంటే మాల్కంసన్ రాసిన తీరం నుంచే వెళ్లినవాళ్లు. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి రాజధానికి 500 కిలోమీటర్లకు పైగా సముద్రం. అంత దూరంలో ఎవరిని హెలికాప్టర్ ఎక్కించాలి, ఎవరిని ఓడ వచ్చేదాకా ఉంచవచ్చు అన్నది తేల్చాలంటే, ఎకో లేని చోట 1928 నాటి ప్రశ్నలే దిక్కు: ఎంత దూరం నడవగలరు? రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు? కూర్చున్నా ఆయాసమేనా?