నెల సరుకుల బడ్జెట్: తెనాలి, బాపట్ల, రేపల్లె కుటుంబాలకు ఒక లెక్క

నెల మొదటి వారంలో డబ్బాలన్నీ నిండుగా ఉంటాయి. ఇరవయ్యో తారీఖు దాటేసరికి నూనె ప్యాకెట్ కోసం పిల్లాణ్ణి కొట్టుకి పంపి "ఖాతాలో రాయించు" అని చెప్పాల్సి వస్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో ఎన్నో ఇళ్లలో ఇదే వరస. రాబడి తక్కువైనందుకే ఇలా అవుతుందని అనుకుంటారు. అది కొంత నిజం. కానీ అదే రాబడితో నెల చివరిదాకా నెట్టుకొచ్చే ఇళ్లూ పక్కనే ఉంటాయి. తేడా తిండిలో కాదు, ఏ వస్తువు ఎప్పుడు కొంటున్నారు, దానికి డబ్బు ఎప్పుడు పక్కన పెడుతున్నారు అన్నదాంట్లో ఉంటుంది.

డబ్బు ఎక్కడ కారిపోతోంది

కేంద్ర ప్రభుత్వం 2023-24లో చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో పల్లె కుటుంబం పెట్టే ఖర్చులో సుమారు 47 శాతం, పట్టణ కుటుంబం ఖర్చులో సుమారు 40 శాతం తిండికే పోతోంది. ఇందులో బియ్యం, గోధుమల వంటి ధాన్యాల వాటా పల్లెల్లో కూడా మొత్తం ఖర్చులో 5 శాతం దగ్గరే ఉంది. అన్నిటికంటే పెద్ద వాటా టీ, కూల్‌డ్రింకులు, చిరుతిళ్లు, ప్యాకెట్ తిండిది. పల్లెల్లో అది 10 శాతానికి దగ్గరగా, పట్టణాల్లో 11 శాతంగా తేలింది.

అంటే బియ్యం బస్తా దగ్గర పది రూపాయలు బేరమాడి, రోజూ సాయంత్రం సమోసా, బిస్కెట్ ప్యాకెట్, కూల్‌డ్రింక్ లెక్కలో రాయకపోతే బడ్జెట్ నిలవదు. రోజుకు 40 రూపాయల చిరుతిండి నెలకు 1,200 అవుతుంది. మానేయమని కాదు, పద్దులో రాయాలి. రాస్తేనే ఎంతో తెలుస్తుంది.

నాలుగు రకాల కొనుగోళ్లు

సరుకులన్నీ ఒకే చీటీలో రాసుకోవడం వల్లే చిక్కంతా వస్తుంది. వాటిని నాలుగుగా విడదీస్తే సులువు.

1. ఏడాది సరుకు: ఎండుమిర్చి, పసుపు, చింతపండు, మినుములు, వీలైతే బియ్యం.
2. నెల సరుకు: నూనె, పప్పులు, పంచదార, టీపొడి, సబ్బులు, ఉప్పు.
3. వారం ఖర్చు: కూరగాయలు, గుడ్లు, చికెన్, చేపలు, పళ్లు. పాలు రోజువారీ అయినా డబ్బు నెలకోసారి కట్టేవే.
4. పండగ సరుకు: రంజాన్, బక్రీద్ ఖర్చు.

మొదటిదానికీ నాలుగోదానికీ ప్రతి నెలా కొంత తీసి పెట్టకపోతే, ఆ నెల వచ్చినప్పుడు రెండో, మూడో ఖర్చుల్లోంచి లాగాల్సి వస్తుంది. అప్పుడే ఖాతా మొదలవుతుంది.

ఒక నమూనా లెక్క

ఐదుగురున్న ఇంట్లో సరుకులకు నెలకు 12,000 పెట్టగలరని అనుకుందాం. ఇది ఉదాహరణ మాత్రమే, ఎవరి అంకె వాళ్లు వేసుకోవాలి.

నెల సరుకు: 4,800
పాలు: 1,800
వారం ఖర్చు: 3,600
ఏడాది సరుకు డబ్బా: 400
రంజాన్ డబ్బా: 600
కదపని డబ్బు: 800

వారం ఖర్చు 3,600ని 30 రోజులకు పంచితే రోజుకు 120. అంటే వారానికి 840. నాలుగు వారాలకు 3,360 పోగా 240 మిగులుతుంది. అది నెలాఖరు రెండు రోజులకు. చాలామంది నెలను నాలుగుతో భాగించి వారానికి 900 పెట్టేస్తారు. చివరి రెండు రోజులకు చేతిలో ఏమీ ఉండదు. 840 చొప్పున నాలుగు కవర్లలో పెట్టి, ఏ వారం కవరు ఆ వారమే తీస్తే ఈ ఇబ్బంది రాదు.

కదపని 800 అనుకోకుండా వచ్చే చుట్టాలకు, ఉల్లి, టమాటా ధర ఎగిరిన నెలకు. వాడకపోతే అది రంజాన్ డబ్బాలోకి వెళ్తుంది.

రోజు కూలీ ఇళ్లలో

ఆటో, మెకానిక్ షెడ్డు, టైలరింగ్, తాపీ పని, తోపుడు బండి మీద బతికే ఇళ్లలో ఒకటో తారీఖు జీతం ఉండదు. వీళ్లు చేసే పెద్ద పొరపాటు 12,000ని 30తో భాగించి రోజుకు 400 చాలనుకోవడం. శుక్రవారాలు, వాన రోజులు, పని దొరకని రోజులు తీసేస్తే నెలలో పని నడిచేది 24 రోజులే అనుకుందాం. అప్పుడు పని ఉన్న ప్రతి రోజూ 500 తీయాలి. 400 చొప్పున తీస్తే నెలాఖరుకు 2,400 తక్కువ పడుతుంది. ఆ 2,400 కొట్టు ఖాతాలో తేలుతుంది. ఇలాంటి ఇళ్లు నెల సరుకును ఒకేసారి కాక 15 రోజులకోసారి తెచ్చుకుంటే మేలు. రోజుకో చిన్న ప్యాకెట్ కొనడం మాత్రం అన్నిటికంటే ఖరీదైన పద్ధతి.

ఈ ప్రాంతంలో ఏది ఎప్పుడు చవక

కృష్ణా డెల్టాలో ఉన్నవాళ్లకు ఒక వీలుంది. ఏడాది సరుకులో చాలా భాగం చుట్టుపక్కలే పండుతుంది.

బియ్యం: రాష్ట్రాలు దాటి పేరు తెచ్చుకున్న సాంబ మసూరి బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పుట్టిన వంగడమే. 1986లో విడుదలైంది. బీపీటీ 5204 అనే పేరులోని బీపీటీ అంటే బాపట్లే. డెల్టాలో సార్వా కోతలు నవంబరు, డిసెంబరుల్లో అవుతాయి. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది కాబట్టి పాతబియ్యానికి ధర ఎక్కువ. సంక్రాంతి దాటాక కొత్తవి కొని, వేపాకు వేసి ఆరు నెలలు నిలవపెట్టగలిగిన ఇంటికి ఆ తేడా మిగులుతుంది.

మినుములు: డెల్టాలో వరి కోశాక వేసే పంట. ఫిబ్రవరి, మార్చిల్లో చేతికి వస్తుంది.

మిర్చి, పసుపు: గుంటూరు మిర్చి యార్డుకు కొత్త కాయ ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు. పసుపుకు తెనాలి పక్కనే దుగ్గిరాల యార్డు ఉంది. కొమ్ములు కొని మర పట్టించుకుంటే కల్తీ భయం కూడా ఉండదు.

చేపలు: నిజాంపట్నం హార్బర్ దగ్గరున్నందున రేపల్లె, బాపట్ల వాళ్లకు సముద్రపు చేప అందుబాటులో ఉంటుంది. కానీ తూర్పు తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలు చెరువు చేప మీదో, గుడ్ల మీదో లెక్క వేసుకోవాలి.

చికెన్: కార్తీక మాసంలో గిరాకీ తగ్గి ధర దిగుతుంది. ఎండలు ముదిరితే పెరుగుతుంది. అఖీఖా, దావత్‌లాంటివి మనం తేదీ ఎంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి.

మటన్ నెలకోసారే కొనగలిగే ఇంట్లో, అర కిలో ఎముక మాంసం శనగపప్పు, సొరకాయ వేసి దాల్చా చేస్తే ఇంటిల్లిపాదికీ రెండు పూటలు వస్తుంది.

రేషన్, గ్యాస్

2013 నాటి ఆహార భద్రత చట్టం కింద అర్హులైన కుటుంబాలకు మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు వస్తాయి. 2023 జనవరి నుంచి ఇవి ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి బండ్ల మీద ఇచ్చిన సరుకు, 2025 జూన్ 1 నుంచి మళ్లీ రేషన్ షాపుల్లోనే ఇస్తున్నారు. నెలలో 1 నుంచి 15వ తారీఖు వరకు, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 అని సమయం పెట్టారు. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటి దగ్గరే ఇవ్వాలి. ఇబ్బంది ఉంటే 1967కి ఫోన్ చేయవచ్చు.

ఐదుగురి ఇంటికి ఇది 25 కిలోలు. "లావు బియ్యం, ఎవరు తింటారు" అని తక్కువ ధరకు అమ్మేసి సన్నబియ్యం కొనడం మామూలైపోయింది. ఆ అమ్మకం చట్టవిరుద్ధం, పైగా నష్టం. రోజూ అన్నానికి వద్దనుకుంటే ఇడ్లీ, దోసె పిండికి, పిండి వంటలకు, సహర్‌లో గంజికి వాడితే కొట్లో కొనే బియ్యం ఆ మేరకు తగ్గుతుంది.

దీపం-2 పథకం 2024 నవంబరు 1న మొదలైంది. అర్హులకు ఏడాదికి మూడు సిలిండర్లు. మొదలైనప్పటి పద్ధతిలో డబ్బు ముందు కట్టాలి, తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతుంది. కాబట్టి ఉచితమే కదా అని గ్యాస్ డబ్బు సరుకులకు వాడేస్తే బండి గుమ్మం ముందుకొచ్చినప్పుడు వెతుక్కోవాలి.

కొట్టు దగ్గర చూడాల్సినవి

2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పిండి, పప్పుల మీద 25 కిలోల వరకు 5 శాతం జీఎస్టీ ఉంది. విడిగా తూచి ఇచ్చేవాటి మీద లేదు. 26 కిలోల బియ్యం బస్తాలు కనిపించడానికి కారణం ఇదే. కాబట్టి బస్తా ధర కాదు, కిలో ధర అడగాలి.

నూనె ప్యాకెట్ మీద బరువు చదవాలి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. అంతే ఎత్తున్న ప్యాకెట్లో అంతకంటే తక్కువ నూనె ఉండొచ్చు. మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. అందుకే 2022లో ఉక్రెయిన్ యుద్ధం వచ్చినప్పుడు, 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకం పెంచినప్పుడు ఇక్కడి వంటింట్లో ధర మారింది. చవగ్గా ఉందని ఆరు నెలల నూనె కొని పెట్టడం మంచిది కాదు, వాసన వస్తుంది. రెండు నెలలకు మించి నిల్వ వద్దు.

2025 సెప్టెంబరు 22 నుంచి స్నానం సబ్బులు, షాంపూ, టూత్‌పేస్ట్ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, ఖర్జూరం, కొన్ని డ్రై ఫ్రూట్స్ మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత నోటుబుక్కులో ధర ఉంటే పోల్చి అడగొచ్చు.

తూకం మొదలయ్యే ముందు కాటా సున్నా చూపుతోందా అని చూడాలి. ఖుర్ఆన్‌లో 83వ సూరాకు ఆ పేరు వచ్చిందే తూకంలో మోసం చేసేవారిని బట్టి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. తేడా ఉంటే తూనికలు కొలతల శాఖకు గానీ, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి గానీ చెప్పొచ్చు.

రంజాన్ లెక్క

ఉపవాసాల నెలలో తిండి ఖర్చు తగ్గాలి. చాలా ఇళ్లలో అది పెరుగుతుంది. నూనె, శనగపిండి, పంచదార, పాలు, పళ్లు, ఖర్జూరం అన్నీ ఒకేసారి మీద పడతాయి. వృథా వద్దు, పిసినారితనమూ వద్దు, మధ్యస్థంగా ఖర్చు పెట్టమన్న బోధ తెలియని ఇల్లు లేదు. లెక్క రాసుకోకపోతే ఆ మధ్య ఎక్కడుందో తెలియదు.

హిజ్రీ ఏడాది సుమారు 354 రోజులు. అందుకే రంజాన్ ప్రతి ఏటా 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2025లో మార్చి మొదట్లో వచ్చింది, 2026లో ఫిబ్రవరి మూడో వారంలో. అంటే మిర్చి, పసుపు, మినుములు కొనే రోజులూ రంజానూ ఇప్పుడు ఒకదాని మీద ఒకటి వస్తున్నాయి. అందుకే నమూనా లెక్కలో రెండు డబ్బాలు వేరుగా ఉన్నాయి. 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరోసారి రంజాన్ మొదలవుతుంది. ఇంగ్లీషు క్యాలెండర్ చూసి పొదుపు చేసేవాళ్లకు ఆ ఏడాది రెండుసార్లు ఖర్చు తగులుతుంది.

రంజాన్‌కీ రంజాన్‌కీ మధ్య ఉండేది 11 నెలలే. నెలకు 600 చొప్పున 6,600 అవుతుంది. షాబాన్‌లోనే జాబితా రాసి, ఈ డబ్బుతో నూనె, శనగపిండి, సేమియా తెచ్చేసుకోవచ్చు. ఫిత్రా ఇంట్లో తలకింత చొప్పున ఈద్ నమాజుకు ముందే ఇవ్వాలి కాబట్టి అదీ ఇందులోనే రాసుకోవాలి. జకాత్ వేరే లెక్క, సరుకుల డబ్బుతో కలపకూడదు. కొత్త బట్టల ఖర్చు కూడా ఇందులో చేరనివ్వొద్దు.

పాత ఖాతా తీర్చడం ఎలా

కొట్టు ఖాతాకు వడ్డీ ఉండదు. కానీ ఖాతా ఉన్నచోట ధర అడగలేం, వేరే కొట్టుకు పోలేం. ఒకటో తారీఖున బాకీ మొత్తం కట్టేసి మర్నాటి నుంచి మళ్లీ అరువు తెస్తే అది ఎప్పటికీ తీరదు. 3,000 బాకీ ఉంటే కొట్టాయనతో మాట్లాడి నెలకు 500 చొప్పున ఆరు నెలల్లో కడతామని చెప్పి, కొత్త సరుకు మాత్రం నగదుకే తేవాలి. ఆ ఆరు నెలలు కదపని డబ్బు 300కి తగ్గుతుంది, అంతే. రాసిన ప్రతి వస్తువూ ఇంటి పుస్తకంలో కూడా తేదీతో ఉండాలి. పిల్లలు తెచ్చినవి ముఖ్యంగా.

నెలాఖరున ఆ పుస్తకంలో నాలుగు లైన్లు రాస్తే చాలు: ఎంత అనుకున్నాం, ఎంత అయింది, ఏది ముందే అయిపోయింది, ఏది మిగిలింది. మొదటి నెల లెక్క తప్పుతుంది. రెండో నెలా కొంత తప్పుతుంది. మూడు నెలల లైన్లు పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బు ఏ తారీఖున, దేని మీద జారిపోతోందో ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. వంట చేసే మనిషి ఒక్కరే మోసే బరువు కాదిది. సంపాదించేవాళ్లు కూడా ఆ పుస్తకం చదవాలి.