చుట్టిన గుడ్డ, కత్తిరించిన గుడ్డ

భారతీయుడు గుడ్డను చుట్టుకొనుటయే ఎరుగుననియు, కత్తిరించి కుట్టు విద్య తురుష్కులతో ఈ దేశమునకు వచ్చినదనియు ఒక అభిప్రాయము చాలకాలము ప్రచారములో ఉన్నది. అమరకోశము తెరచి చూచిన ఈ మాట నిలువదు. తున్నవాయుడు, సౌచికుడు అని కుట్టుపనివానికి అందు రెండు పేర్లు కలవు. కూర్పాసకమను రవికెకును చోటున్నది. మథుర మ్యూజియములోని తలలేని కనిష్క విగ్రహము పొడవైన అంగీతోను, బరువైన బూట్లతోను నిలిచియున్నది. ఆ వేషము మధ్య ఆసియానుండి వచ్చినదే. అయినను గుప్తచక్రవర్తులు తమ బంగారు నాణెములపై అట్టి అంగీతో కనిపించుటకు సంకోచింపలేదు. అజంతా చిత్రములలో మాత్రము రాజు నడుమునకు వస్త్రము చుట్టుకొని కూర్చుండగా, చేతులున్న చొక్కాలు తొడిగినవారు పరిచారకులు. కుట్టిన బట్ట లేకపోలేదు. దానికి గౌరవము తక్కువ, అంతే.

మొగలాయి దర్బారు ఈ వరుసను తారుమారు చేసినది. తకౌచియా అను అంగీ భారతీయమైన తీరుదని అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో వ్రాసినాడు. పూర్వము దాని అంచున చీలికలుండి, ముడి ఎడమవైపున ఉండెడిదట. అక్బరు అంచును గుండ్రముగా చేయించి, ముడిని కుడివైపునకు మార్చినాడు. దీనికి ఏడు గజములకు మించిన గుడ్డ పట్టెడిది. జామా రొమ్మున బిగువుగా ఉండి నడుము క్రింద గొడుగువలె విచ్చుకొనును. ఆ విప్పు కలీలనెడి ఏటవాలు ముక్కలది. మగ్గము ఇచ్చిన పన్నా ఎంతయో అంతలోనే, ఒక ముక్క వెడల్పు కొసను మరొక ముక్క సన్నని కొస ప్రక్కన ఉంచి కోసినచో గుడ్డ వ్యర్థము కాదు. ఈ లెక్క దర్జీ చేతిలో ఉన్నది గాని కాగితముపై లేదు. అహమ్మదాబాదులో 1949లో ఏర్పడిన కాలికో మ్యూజియము ఇట్టి దుస్తులను భద్రపరచినది, వానిపై బి. ఎన్. గోస్వామి గ్రంథము 1993లో వెలువడినది.

పారిస్‌లో 1912లో సొంత దుకాణము తెరచిన మదలైన్ వియొనె త్రోవ వేరు. ఆమె కాగితముతో మొదలుపెట్టలేదు. ఒక చిన్న కొయ్యబొమ్మపై గుడ్డను వేసి, గుండుసూదులతో బిగించి, అది ఎటు జారునో చూచెడిది. పడుగుపేకలకు ఐమూలగా పట్టిన గుడ్డ సాగి, ఒంటి వంపును అనుసరించును. కుదిరిన పిదప ఆ ముక్కలను నేలపై పరచి, నిండు కొలతకు పెంచినచో కత్తిరింపు నమూనా సిద్ధము. చీర కట్టుకొను స్త్రీ ప్రతి ఉదయము తన ఒంటిపై చేయుపని దీనికి ఎంతో దూరము కాదు. అయితే ఆమె నమూనా రాత్రికి మడతలలో కలిసిపోవును.

సినిమా దానిని నిలిపి ఉంచవలసి వచ్చినది. 'బ్రహ్మచారి' (1968)లో ముంతాజ్ నాట్యమునకై భాను అథయ్యా కుచ్చెళ్లను ముందే కుట్టి, జిప్పు పెట్టి చీరను తొడుగుకొను వస్త్రముగా మార్చినది. 'గాంధీ' చిత్రమునకు ఆమె పని మరింత కఠినము: బారిస్టరు సూటునుండి 1921లో మదురలో ధరించిన కొల్లాయి వరకు ఒక మనిషి జీవితమంతయు దుస్తులలో చూపవలెను. ఆ చిత్రమునకు జాన్ మొల్లోతో కలిసి 1983లో ఆస్కారు పొంది, ఆ గౌరవమందిన తొలి భారతీయురాలైనది. తన తరువాత అది ఇక్కడ భద్రముగా ఉండదేమోనని భయపడి, 2012లో ఆమె ఆ ప్రతిమను అమెరికాలోని అకాడమీకే తిప్పి పంపినది.