జాంగో వెబ్ ఫ్రేమ్‌వర్క్: సంస్కరణ చర్చలు - నిర్ణయాధికార పరిణామం

వ్యాససంగ్రహం:
పైథాన్ భాషలో రూపొందిన జాంగో వెబ్ ఫ్రేమ్‌వర్క్‌ను మెరుగుపరిచే క్రమంలో 2005 - 2020 మధ్య జరిగిన మూడు ప్రధాన మార్పులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మార్పు వల్ల కలిగే శ్రమను ఎవరు భరించాలి, మార్పును నిర్ణయించే హక్కు ఎవరిది అనే ప్రశ్నలు ఈ సాంకేతిక చర్చలకు మూలంగా ఉన్నాయని చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: జాంగో, ఓపెన్ సోర్స్, వెబ్ ఫ్రేమ్‌వర్క్, పైథాన్, నిర్ణయాధికారం.

1. ఉపోద్ఘాతం:
సాఫ్ట్‌వేర్ చరిత్రను సాధారణంగా ఆవిష్కర్తల పేర్లతోను, వెర్షన్ల సంఖ్యలతోను చెబుతుంటారు. మూలకోడ్‌ను ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగల ఓపెన్ సోర్స్ నిర్మాణాలకు ఆ పద్ధతి చాలదు. అక్కడ ఒక మార్పు నిలవాలంటే దాన్ని వాడేవారూ, పోషించేవారూ అంగీకరించాలి. వెబ్‌సైట్ నిర్మాణంలో పదేపదే అవసరమయ్యే పనులను ముందే సిద్ధం చేసి ఇచ్చే చట్రమే వెబ్ ఫ్రేమ్‌వర్క్. డేటాబేస్ నుంచి సమాచారం తేవడం, కోరిన పుటను చూపడం, వాడుకరిని గుర్తించడం అటువంటి పనులు. చట్రంలో చేసిన చిన్న మార్పు కూడా దానిపై నిలిచిన సైట్లన్నింటినీ తాకుతుంది. అందువల్ల ఇక్కడి చర్చలకు ప్రాధాన్యం ఎక్కువ.

2. ఆవిర్భావం:
అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణంలో వెలువడే లారెన్స్ జర్నల్-వరల్డ్ దినపత్రిక వెబ్ విభాగంలో 2003లో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ ఈ పనికి శ్రీకారం చుట్టారు. వార్తాపత్రిక పనికి గడువు చాలా తక్కువ. ఆ ఒత్తిడిలో రాసుకున్న ఉపకరణాలే క్రమంగా ఒక చట్రంగా రూపుదిద్దుకున్నాయి. తరువాత జేకబ్ కప్లాన్-మాస్ ఈ బృందంలో చేరారు. గిటార్ విద్వాంసుడు జాంగో రైన్‌హార్ట్ పేరుతో 2005 జులైలో ఇది బీఎస్‌డీ లైసెన్సు కింద లోకానికి అందింది. ఒక కార్యాలయం అవసరం కోసం పుట్టిన కోడ్ అపరిచితుల చేతికి వెళ్లడంతో చర్చలకు బీజం పడింది.

3. 'మాయ' తొలగింపు (2006):
తొలి రూపంలో జాంగో తెర వెనుక చాలా పనులు చేసేది. వాడుకరి 'పోల్' అనే క్లాసు రాస్తే, జాంగో దాని బహువచన రూపమైన 'పోల్స్' పేరుతో ఒక మాడ్యూలును తానే సృష్టించేది. తాము రాయని పేరు ఎక్కడి నుంచి వచ్చిందో కొత్తవారికి అర్థమయ్యేది కాదు. ఈ గుప్త ప్రక్రియలనే 'మాయ' అన్నారు. దాన్ని తొలగించిన కోడ్ 2006 మే నెలలో ప్రధాన శాఖలో కలిసి, జులైలో 0.95 వెర్షన్‌గా వెలువడింది. స్పష్టత పెరిగింది గాని, అప్పటికే సైట్లు నడుపుతున్నవారు తమ కోడ్‌ను సవరించుకోవలసి వచ్చింది.

2008 సెప్టెంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌తో పాటు, పాత కోడ్ చెడకుండా చూస్తామనే లిఖితపూర్వక హామీ వెలువడింది. ఒక సౌకర్యాన్ని తొలగించే ముందు హెచ్చరిక ఇచ్చి, గడువు కల్పించే పద్ధతి కూడా స్థిరపడింది. మార్పు భారాన్ని వాడుకరిపై ఒక్కసారిగా మోపరాదనే సూత్రం ఈ విధంగా నియమంగా మారింది.

4. మైగ్రేషన్లు (2014):
జాంగో డేటాబేస్ పట్టికలను సృష్టించేది గాని, ఉన్న పట్టికల నిర్మాణాన్ని మార్చేది కాదు. ఆ లోటును ఆండ్రూ గాడ్విన్ రూపొందించిన 'సౌత్' అనే బయటి ఉపకరణం తీర్చింది. అందరూ కోరుతున్న సౌకర్యం ప్రధాన కోడ్‌లోకి రావడానికి ఏళ్లు పట్టింది. 2013లో గాడ్విన్ కిక్‌స్టార్టర్ ద్వారా ప్రజల నుంచి నిధులు సేకరించి, దాన్ని కొత్తగా రాశారు. 2014 సెప్టెంబరు నాటి 1.7 వెర్షన్‌లో అది భాగమైంది. అంగీకారం ఉన్నా, పని చేసేవారి సమయానికి మూల్యం కావాలని ఈ ఘట్టం తెలియజేస్తుంది. అదే ఏడాది, నిత్య నిర్వహణ కోసం జాంగో సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వేతనంతో కూడిన 'ఫెలో' పద్ధతిని ఆరంభించింది.

5. హోదా రద్దు (2014 - 2020):
హోలోవాటీ, కప్లాన్-మాస్ తుది నిర్ణేతల స్థానం నుంచి 2014 జనవరిలో తప్పుకున్నారు. ఆపై సాంకేతిక మండలి ఏర్పడింది. అయినా 'కోర్ డెవలపర్' అనే హోదా మిగిలింది. ఆ జాబితాలోని పలువురు క్రియాశీలంగా లేరు. కోడ్ చేర్చే పని అధికంగా ఫెలోలే చేస్తున్నారు. ఆ హోదా కొత్తవారికి అడ్డుగోడగా కనిపిస్తోంది. ఈ వాదాలతో జేమ్స్ బెన్నెట్ ముందుకు తెచ్చిన ప్రతిపాదన 2020లో ఆమోదం పొందింది. కోర్ బృందం రద్దయింది. కోడ్ చేర్చడం గౌరవపదవిగా కాక నిర్దిష్ట బాధ్యతగా మారింది. పెద్ద నిర్ణయాలు ఎన్నికైన సాంకేతిక మండలి పరిధిలోకి వచ్చాయి.

6. ముగింపు:
ఈ మూడు ఘట్టాలలో మొదటిది వాడుకరి శ్రమను, రెండవది నిర్మాత శ్రమను, మూడవది అధికారాన్ని చర్చకు తెచ్చాయి. కొద్దిమంది విచక్షణతో మొదలైన నిర్వహణ లిఖిత నియమాల వైపు సాగింది. అయితే నియమాలు నిర్ణయానికి దారి చూపుతాయే తప్ప పని చేసిపెట్టవు. ఫెలోల వేతనం విరాళాల మీద, మిగిలిన పని స్వచ్ఛంద సేవ మీద ఆధారపడి ఉన్నాయి. ఉచితంగా లభించే ఈ చట్రం మనుగడకు నిర్ణయ విధానం ఎంత అవసరమో, ఆ శ్రమను పోషించే ఏర్పాటూ అంతే అవసరమని ఈ చరిత్ర నిరూపిస్తోంది.