తల మార్చిన కారు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోరా మనవడా. ఆ ఫోను కాసేపు జేబులో పెట్టు, ఎక్కడికీ పారిపోదులే. ఒక కారు తల ఇంకో కారుకి అతుకుతుందా అని అడిగావు కదా. చెప్తాను గానీ మధ్యలో ఆవులించకూడదు.

అప్పట్లో మన పాలకొల్లులో కారంటే అంబాసిడరో, ఫియట్టో, కాకపోతే జీపు. కొత్తది కావాలంటే డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. అందుకే ఉన్నదాన్ని అపురూపంగా చూసుకునేవారు. పొద్దున్నే డ్రైవరు బండి తుడిచి, స్టీరింగుకి దండం పెట్టి మరీ ఎక్కేవాడు. "పెళ్లికొడుకుని దింపాలండీ, ఒక్కపూట" అని ఎవరైనా వస్తే లేదనడం మర్యాద కాదు. పెట్రోలు వాళ్లే పోయించేవారు, డ్రైవరుకి పంచె పెట్టేవారు. ఆ పెళ్లి భోజనాల్లోకి వెళ్లానంటే ఇంక తెల్లారిపోతుంది, వద్దులే.

మా పెదనాన్నగారిది తొలి రకం అంబాసిడరు. ఆ కారు మొదలైనప్పుడు అందులో 1476 సీసీ సైడ్ వాల్వు ఇంజను ఉండేది. 1959లో కంపెనీ దాన్ని తీసేసి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను పెట్టింది. కాలవ వంతెన ఎక్కేటప్పుడు కొత్త రకం బళ్లు హారను కొట్టి మరీ దాటిపోతుంటే ఆయనకి ఒళ్లు మండేది. ఒకరోజు లెక్క కట్టారు, రెండింటికీ తేడా 13 సీసీలే కదా అని. తిన్నగా మేస్త్రి దగ్గరికెళ్లి, "ఆ కొత్త ఇంజను తల తెచ్చి ఈ మొండేనికి పెట్టెయ్యవయ్యా. దక్షుడికి మేక తల అతకలేదూ? ఆ దక్షవాటిక మన ద్రాక్షారామమే కదా!" అన్నారు.

మేస్త్రి చేతులు కిరసనాయిల్లో కడుక్కుని నెమ్మదిగా చెప్పాడు. "అది చేసింది శివుడండి బాబుగారూ. నా దగ్గరున్నవి పానాలేనండి."

చూడు, సైడ్ వాల్వు ఇంజన్లో వాల్వులు బ్లాకులోనే, సిలిండరు పక్కన నిలబడి ఉంటాయి. పైన ఉండే హెడ్డు, అదే మా పెదనాన్న అడిగిన తల, ఉత్త మూత. ప్లగ్గులు బిగించుకోడానికీ, నీళ్లు తిరగడానికీ తప్ప దానికి పెద్ద పనుండదు. ఓవర్‌హెడ్ అయితే వాల్వులు హెడ్డులోంచి తలకిందులుగా వేలాడతాయి. కింద కామ్‌షాఫ్టు తిరిగితే పుష్ రాడ్లు పైకి తోస్తాయి, రాకర్లు వాల్వుల్ని నొక్కుతాయి. పాత బ్లాకులో ఆ రాడ్లు పైకెళ్లడానికి దారే లేదు. అతికితే గతకదు, గతికితే అతకదని ఊరికే అన్నారా? సీసీలు దగ్గరపడినంత మాత్రాన ఇంజన్లు చుట్టాలైపోవు.

అలాగని అమెరికాలో జీపులు చేసే విల్లీస్ వాళ్లు ఊరుకోలేదు. యుద్ధం నాటి జీపు ఇంజన్లో ఇన్‌లెట్ వాల్వుల్ని హెడ్డులోకి ఎక్కించి, ఎగ్జాస్టు వాల్వుల్ని బ్లాకులోనే ఉంచేశారు. అదే 134 ఘనపుటంగుళాల ఇంజను, 60 గుర్రాల బలం నుంచి 70 దాటింది. కాకపోతే పొడుగైంది, బానెట్టు కింద పట్టలేదు. దాంతో బానెట్టే ఎత్తు చేశారు. మన పాత మహీంద్రా జీపు ముక్కు అంతెత్తున ఎందుకుండేదో ఇప్పుడు తెలిసిందా?

సరే, కారు దగ్గరికొద్దాం. తల మార్చడం నిజంగా జరిగింది మాకు తెలిసిన ఓ రైసుమిల్లు ఆసామి బండికి. అది 1489 ఇంజనే. వేసవిలో కాలవలు కట్టేసే రోజులు. డ్రైవరు రేడియేటరు చూసుకోలేదు, ఇంజను కుతకుతలాడిపోయింది. కంగారుపడి ఆ వేడి మీదే చన్నీళ్లు పోశాడు. హెడ్డు పగిలింది. ఆసామి విజయవాడ ఆటోనగర్ వెళ్లి అదే రకం పాత హెడ్డు బేరమాడి తెచ్చాడు.

బిగించెయ్యడమే కదా అనుకున్నాం మేమంతా. మేస్త్రి ఒప్పుకోలేదు. ముందు కొత్త గ్యాస్కెట్టు బ్లాకు మీద పరిచి, తర్వాత హెడ్డు మీద పరిచి, నీళ్ల కన్నాలన్నీ ఎదురెదురు పడుతున్నాయో లేదో చూశాడు. రాకర్లకి ఆయిలు ఎక్కే సన్నటి దారిలో తీగ పెట్టి చూశాడు. అప్పుడు నన్ను కాంపౌండరు దగ్గరికి తోలి పెద్ద సిరంజి తెప్పించాడు. దేనికనుకున్నావ్? హెడ్డు బోర్లించి, ప్లగ్గులు బిగించి, సిలిండరు మీదికొచ్చే ఒక్కో గుంట మీద కన్నమున్న అద్దం మూసి, ఆ కన్నంలోంచి కిరసనాయిలు ఎక్కిస్తూ ఎన్ని సీసీలు పట్టిందో రాసుకున్నాడు.

లెక్క విను. సిలిండరుకి 372 సీసీ. పిస్టను పైకొచ్చాక 60 సీసీ చోటు మిగిలితే, నొక్కుడు 7.2 రెట్లు. ఆ పాత హెడ్డుని ఎవరో ముందే ఫేసింగు పట్టించి అరగదీశారు. మిగిలే చోటు 50 దగ్గరికొచ్చేసింది, నొక్కుడు ఎనిమిదిన్నరకి చేరుతోంది.

"నొక్కుడు పెరిగితే పికప్పు పెరుగుతుందిగా" అని ఆసామి సంబరపడ్డాడు. 1973 చివర్లో అరబ్బు దేశాలు చమురు బిగించాక పెట్రోలు ధర మండిపోతున్న రోజులవి. వాజపేయి గారు దానికి నిరసనగా పార్లమెంటుకి ఎడ్లబండి మీద వెళ్లింది కూడా ఆ 1973లోనే. మన ఆసామి పెట్రోల్లో కిరసనాయిలు కలిపి తోలేవాడు. మేస్త్రి మొహమ్మీదే చెప్పాడు, "ఆ కల్తీకి ఈ నొక్కుడు తోడైతే టకటకమని కొట్టుకుని పిస్టన్లు పోతాయండి. కొండనాలికకి మందేస్తే ఉన్న నాలిక ఊడుద్దండి." అని, రెండ్రోజులు కూర్చుని నాలుగు గుంటల్నీ ఎమరీ రాయితో కొంచెం కొంచెం గీకి సమానం చేశాడు. మధ్యలోంచి అంచులకి, విడతలు విడతలుగా నట్లు బిగించాడు. ఇంజను వేడెక్కాక మళ్లీ బిగించి, టాపెట్ల సందు 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు, పెట్టాడు. కొన్నాళ్లు తిరిగొచ్చాక ఇంకోసారి బిగిస్తే గానీ మిగతా కూలి పుచ్చుకోనన్నాడు. ఆ బండి తర్వాత చాలా పెళ్లిళ్లు చేసింది.

మా పెదనాన్న మాత్రం తల ఆశ వదులుకుని, 1489 ఇంజను మొత్తం గేరుబాక్సుతో సహా కొనేశారు. బండి రిజిస్ట్రేషను పుస్తకంలో ఇంజను నంబరు మార్పించడానికి నన్ను వెంటబెట్టుకుని ఏలూరు వెళ్లారు. దారిలో ప్రతి వంతెన దగ్గరా హారను మోగించడానికే అరచెయ్యి నొప్పెట్టిందాయనకి.