చిగుళ్ళ లెక్క

పన్నుకి బహువచనం పళ్ళు. పండుకీ పళ్ళే. పంటి మొదట్లో ఉండే మెత్తటి కండ చిగురు, కొమ్మకు వేసే లేత ఆకూ చిగురే. పంటికి వేరు కూడా ఉంది. తమిళంలో పల్ వేరు, పళం వేరు కాబట్టి పన్నూ పండూ చుట్టాలు కావు, తెలుగు బహువచనంలో కలిసిపోయాయంతే. అయినా చెట్టు పోలిక బాగానే కుదిరింది.

కానీ ఈ చెట్టులో మన చూపంతా పళ్ళ మీదే. పళ్ళు నూరతాం, పళ్ళికిలిస్తాం, పంటి బిగువున బాధ ఓర్చుకుంటాం. చిగుళ్ళ మీద ఇలాంటి జాతీయం ఒక్కటీ నాకు గుర్తు రాదు. పన్ను సలిపితే డాక్టరు దగ్గరికి పరిగెడతాం. బ్రష్ చేసుకుంటుంటే చిగురు నుంచి రక్తం వస్తే మాత్రం పుక్కిలించి ఉమ్మేసి ఆఫీసుకి వెళ్ళిపోతాం.

మన పాత వైద్య గ్రంథాల లెక్క ఇలా లేదు. చరకసంహిత ఒంట్లో 360 ఎముకలు లెక్కపెట్టింది. అందులో 32 పళ్ళు. వాటి పక్కనే ఇంకో 32 ఉన్నాయి, దంతోలూఖలాలు. ఉలూఖలం అంటే రోలు. రోట్లో రోకలి దిగినట్టు ఒక్కో పన్నూ దిగి కూర్చునే గుంట అన్నమాట. ఇప్పటి అనాటమీ ఈ లెక్క ఒప్పుకోదు. పన్ను అసలు ఎముకే కాదు, ఆ గుంట దవడ ఎముకలో ఒక భాగం. అయినా ఆ లెక్కలో ఒక చూపుంది. పంటికి ఎంత విలువో, పన్ను కూర్చునే చోటికీ అంతే విలువ.

సుశ్రుతసంహిత ఇంకో అడుగు ముందుకు వేసింది. నోటి రోగాలు 65 అని చెప్పి, పెదవులు, చిగుళ్ళు, పళ్ళు, నాలుక, అంగిలి, గొంతు, మొత్తం నోరు అని ఏడు చోట్ల పంచింది. పళ్ళకి వచ్చినవి 8. చిగుళ్ళకి, అంటే దంతమూలాలకి, 15. దాదాపు రెట్టింపు. వాటిలో శీతాదం అనే దానికి మొదటి గుర్తు, ఏ కారణమూ లేకుండా చిగుళ్ళ నుంచి రక్తం రావడం. దంతవేష్టంలో చీమూ నెత్తురూ కారి పళ్ళు కదులుతాయి. మనం గార అనేదాన్ని ఆ గ్రంథం దంతశర్కర అంది. శర్కర అంటే ఇక్కడ పంచదార కాదు, గరుకు ఇసుక. దాన్ని గీకి తీసేటప్పుడు పంటి మొదలు దెబ్బతినకూడదన్న హెచ్చరిక కూడా ఉంది. ఆ పనికి దంతశంకువు అని ఒక పనిముట్టు.

యూరప్‌లోనూ గాలెన్ కాలం నుంచి పళ్ళని ఎముకల కిందే జమకట్టారు. 1543లో వెసేలియస్ పంటి లోపల బోలు ఉందని బొమ్మ గీసి చూపించాడు. 1563లో వెనిస్‌లో యుస్టాకి అచ్చంగా పళ్ళ మీదే ఒక చిన్న పుస్తకం వేశాడు. పన్నుని గుంటకి కట్టి ఉంచే బంధాల గురించి కూడా రాశాడు. 1771లో లండన్ సర్జన్ జాన్ హంటర్ రాసిన పుస్తకంతో ఇంగ్లీషు పేర్లు స్థిరపడ్డాయి. కోసేవి ఇన్‌సైజర్లు, ఒక మొన ఉన్నవి కస్పిడ్‌లు, రెండు మొనలున్నవి బైకస్పిడ్‌లు, విసిరేవి మోలార్లు. మోలా అంటే లాటిన్‌లో తిరగలి రాయి. మన వాళ్ళకి పంటి కింది గుంటలో రోలు కనిపిస్తే, వాళ్ళకి పంటిలోనే తిరగలి కనిపించింది.

మన సైన్సు పుస్తకాల్లోని పేర్లు ఆ వరసలోవే: కుంతకాలు 8, రదనికలు 4, అగ్రచర్వణకాలు 8, చర్వణకాలు 12. చర్వణం అంటే నమలడం. పరీక్ష కోసం ఈ దంత సూత్రం బట్టీ పట్టని వాళ్ళుండరు. ఎవరి పని ఏమిటో అన్నీ చెప్పే సూత్రం, వాటిని ఎవరు పట్టుకున్నారో చెప్పదు.

పట్టుకునే వ్యవస్థ ఇదీ: పంటి వేరుకి సిమెంటం అనే పూత, దవడలో గుంట, రెంటినీ కలుపుతూ మిల్లీమీటరులో పావు వంతు కూడా లేని నారల పొర, పైన కప్పుగా చిగురు. చిగురుకీ పంటికీ మధ్య చిన్న సందు ఉంటుంది. ఆరోగ్యంగా ఉంటే దాని లోతు 1 నుంచి 3 మిల్లీమీటర్లు. పాచి అక్కడ చేరితే చిగురు వాచి రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రం చేస్తే చిగురు మళ్ళీ కోలుకుంటుంది. వదిలేస్తే సందు లోతవుతుంది, నారలు తెగుతాయి, ఎముక అరుగుతుంది. అరిగిన ఎముక దానంతటది తిరిగి రాదు. చిక్కేమిటంటే ఇదంతా చాలావరకు నొప్పి లేకుండా జరిగిపోతుంది. చివరికి పుచ్చు మచ్చయినా లేని పన్ను చేతికొస్తుంది.

దానికి మనం పెట్టుకున్న పేరు వయసు. పెద్దాయన కదా, పళ్ళు ఊడాయి అంటాం. నిజానికి ఊడింది పన్నే అయినా పాడైంది రోలు. ఎప్పుడో సుశ్రుతసంహిత రోగం అని రాసుకున్న ఆ రక్తపు చారని మనం రోజూ పొద్దున్నే సింకులో చూస్తున్నాం, కుళాయి తిప్పి కడిగేస్తున్నాం.