చేను పేరు సీసా మీదికి ఎలా ఎక్కింది

పోస్టు కాస్త పెద్దది, తీరిగ్గా చదవండి. వైన్ గురించి రాస్తున్నాను గానీ తాగమని కాదు, అందులో రైతు కథ ఉంది కాబట్టి.

ఫ్రాన్స్ దేశంలో బర్గండీ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఎర్ర వైన్ సీసా ఒకటి 2018లో న్యూయార్క్ వేలంలో 5,58,000 డాలర్లు పలికింది. ఆ సీసా 1945 నాటిది, రొమనీ కాంటీ అనే చేనుది. ఆ చేను మొత్తం కలిపి నాలుగున్నర ఎకరాలు. నాలుగున్నర ఎకరాల రైతు వస్తే మన బ్యాంకులో కుర్చీ కూడా వెయ్యరు. మరి అక్కడ అంత విలువ ఎలా వచ్చింది?

దిజోన్ పట్టణం నుంచి దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్లు ఒక కొండవాలు ఉంటుంది. అక్కడి ఎర్ర వైన్‌కి ద్రాక్ష పినో నువార్. తొక్క పలచన, దిగుబడి తక్కువ, సాకడం కష్టం. వాలు పైభాగం సున్నపురాయి నేల, మట్టి తక్కువ. అడుగున బరువైన బంకమట్టి, నీళ్ళు నిలుస్తాయి. మధ్యలోదే మంచి భూమి. గెట్టు దాటితే రుచి మారుతుంది. అందుకే ప్రతి ముక్కకూ ఒక పేరు ఉంది. మనం చెరువు కింది మడి, దిబ్బ చేను అంటామే, అలాగే. అలాంటి పేరున్న చేలు 1,247 ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

ఈ పని మొదట్లో బాగా చేసింది మఠాల సన్యాసులు. 1098లో సీతో అనే మఠం పెట్టారు. వాళ్ళు వూజో ఊళ్ళో భూములు కూడబెట్టి, చుట్టూ రాతిగోడ కట్టారు. అది సుమారు 125 ఎకరాలు, క్లో ద వూజో అంటారు. ఆరు వందల ఏళ్ళకు పైగా ఒకే మఠం చేతిలో ఉంది కాబట్టి ఏ ముక్క ఎలాంటి కాపు ఇస్తుందో తరతరాలుగా చూడగలిగారు. 1395లో ఆ రాజ్యం ఏలిన ఫిలిప్ అనే ప్రభువు గామే అనే ద్రాక్షను పీకెయ్యమని ఉత్తర్వు ఇచ్చాడు. అది విరగకాస్తుంది, కానీ రుచి లేదు, ప్రాంతం పేరు పోతుందని ఆయన భయం.

ఇక దాచడం సంగతి. కొత్త వైన్‌ని ఏడాదో, ఏడాదిన్నరో ఓక్ చెక్క పీపాల్లో ఉంచుతారు. ఒక్కో పీపా 228 లీటర్లు. తర్వాత సీసాల్లో పోసి భూమిలోపలి గదిలో పడుకోబెడతారు. మన జొన్న పాతర లాంటిదే, కాకపోతే రాతి గోడలు. వెలుతురు ఉండదు, ఏడాది పొడుగునా 12 డిగ్రీల దగ్గర చల్లదనం, గాలిలో కాస్త తేమ. బిరడా ఎండిపోకుండా ఉండాలనే సీసాను పడుకోబెట్టడం. అన్నీ దాచేవి కావు. మామూలు చేల వైన్ కొన్నేళ్ళలో తాగెయ్యాలి. గొప్ప చేలదైతే పదిహేను, ఇరవై ఏళ్ళు ఆగినా నిలబడుతుంది.

చీకట్లో రంగు తెలియడానికి వాళ్ళు లోతులేని వెండి గిన్నె వాడేవాళ్ళు. అందులో సొట్టలు ఉంటాయి, కొవ్వొత్తి వెలుగు వాటిమీద పడి వైన్ తేటగా ఉందో లేదో తెలుస్తుంది. ముందు రంగు చూస్తారు, వాసన చూస్తారు, తర్వాత ఒక గుక్క నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. లేతగా ఉన్నప్పుడు చెర్రీ పండు వాసన, నాలుక మీద వగరు. ఏళ్ళు గడిస్తే వగరు తగ్గి, తడిసిన ఆకుల వాసన, పుట్టగొడుగుల వాసన వస్తుంది. పక్కపక్క చేలకు తేడా ఎంతో అప్పుడు బాగా తెలుస్తుంది.

1789 విప్లవం తర్వాత మఠం భూములు గుంజుకుని వేలం వేశారు. ఆస్తి పిల్లలందరికీ సమంగా పంచాలని చట్టం వచ్చింది. ముక్కలు ముక్కలయ్యాయి. క్లో ద వూజోకి ఇవాళ 80 మందికి పైగా యజమానులు. పీపాలు కొనే వ్యాపారులదే రాజ్యం అయింది. కొందరు దక్షిణాది చౌక వైన్ కలిపి, పేరు మాత్రం బర్గండీ అని పెట్టి అమ్మారు. రైతుకు దక్కింది తక్కువ. 1920, 30ల్లో దాంజెర్విల్, గూజ్ లాంటి రైతులు ఎదురు తిరిగి, తమ చేలో పండింది తామే సీసాలకు పట్టి, చేను పేరు వేసి అమ్మారు. 1935లో చట్టం వచ్చింది. ఏ గెట్టు లోపల, ఏ ద్రాక్ష, ఎంత దిగుబడికి మించకుండా పండిస్తే ఆ పేరు పెట్టుకోవచ్చో రాశారు.

చట్టం ఉన్నా మోసం ఆగలేదు. 2008లో న్యూయార్క్ వేలానికి పోన్సో అనే కుటుంబం పేరుతో, క్లో సెయింట్ దెని చేనువని 1945 నాటి సీసాలు వచ్చాయి. ఆ కుటుంబం ఆ చేను వైన్ చేయడం మొదలుపెట్టింది 1980ల్లో! లోరాన్ పోన్సో అనే ఆ రైతు స్వయంగా విమానం ఎక్కి వెళ్ళి ఆపించాడు. అమ్మకానికి తెచ్చిన రూడీ కుర్నియావాన్‌కు 2014లో పదేళ్ళ జైలు పడింది. అతని సీసాలు రుచి చూసి మెచ్చుకున్న పెద్ద పెద్ద వాళ్ళు ఎందరో. వాళ్ళ నాలుకకు దొరకని దొంగతనం రైతు ఇంటి లెక్కకు దొరికింది.

మన దేశంలో జీఐ చట్టం 1999లో వచ్చింది, 2017లో మన బంగినపల్లి మామిడికి ఆ గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ యార్డులో గుట్టగా పోశాక ఏ కాయ ఏ తోటదో ఎవరికి తెలుసు? పాత బియ్యానికి రేటెక్కువని మనకూ తెలుసు, కానీ దాచి అమ్మేది మిల్లువాళ్ళు, మనం కాదు. బర్గండీ రైతును చూడండి. చేను పేరు వదల్లేదు, లెక్క రాసుకున్నాడు, నలుగురితో కలిసి చట్టం తెచ్చుకున్నాడు.

ఒక నోటుబుక్కు తీసుకుని ఏ చేలో ఏ విత్తనం వేశారో, ఎప్పుడు కోశారో, రుచి ఎలా ఉందో రాయడం ఈ పంట నుంచే మొదలుపెడదాం. మీ ఊళ్ళో ఏ చేను పంటకు రుచి ఎక్కువని పెద్దలు చెబుతారో, దాని పేరేంటో చెప్పండి. ఆ పేర్లు మనతోనే పోకూడదు.