రెఫరెన్సుల వరసలో ఇంటిపేరు

కోలాచలం మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాయబోతూ, మూలం లేనిదేదీ రాయనని ముందే మాట ఇచ్చాడు. ఆ మాట ప్రకారమే అడుగడుగునా ఆధారం చూపాడు. పదానికి అర్థం చెప్పి, పక్కనే 'ఇత్యమరః' (అని అమరకోశం) అంటాడు. ఇంకోచోట నిఘంటుకారుడు యాదవుడి పేరో, విశ్వకోశం పేరో తలుస్తాడు. సాధారణంగా కాండం, వర్గం, శ్లోకసంఖ్య ఏవీ ఇవ్వడు. ఇవాళ్టి పరిశోధన పత్రికకు ఇలా రాసి పంపితే, రెఫరెన్సులు అసంపూర్ణమంటూ వ్యాసం తిరుగు టపాలో వస్తుంది. కానీ ఆ వ్యాఖ్య చదివిన విద్యార్థికి అందులో లోటేమీ కనిపించలేదు. అమరకోశం అతనికి చిన్ననాడే నోటికి వచ్చేసింది. పేరు వినిపిస్తే చాలు, శ్లోకం దానంతటదే నాలుక మీదికొస్తుంది. పైగా ఒక్కో తాళపత్ర ప్రతిలో ఒక్కో చోట ఆకు మారుతుంది కాబట్టి, ఆకు సంఖ్య ఇచ్చినా పక్క ఊరి ప్రతిలో అది పనికిరాదు. దీన్నిబట్టి నాకు తోచేది ఇది: ఆధారం చెప్పాలన్న బాధ్యత చాలా పాతది, అది పెద్దగా మారలేదు. చెప్పే తీరు మాత్రం, చదివేవాడు ఆ ఆధారాన్ని ఎక్కడ వెతుక్కుంటాడన్నదాన్నిబట్టి ఏర్పడుతుంది. చిక్కల్లా, వెతికే చోటు మారిపోయాక కూడా పాత తీరు నియమంగా నిలిచిపోవడంలోనే ఉంది.

అచ్చు వచ్చాక ఒకే ముద్రణలోని ప్రతులన్నిటిలో ఒకే మాట ఒకే పేజీలో దొరికింది. పేజీ సంఖ్యకు విలువ వచ్చింది. 1697లో పియర్ బేల్ వెలువరించిన నిఘంటువులో చాలాచోట్ల అసలు వ్యాసం పేజీ పైభాగాన రెండు మూడు పంక్తులు ఉంటే, కింద వ్యాఖ్యలు, వాటి పక్కన ఆధారాలు పేజీ అంతా ఆక్రమించాయి. ఎడ్వర్డ్ గిబ్బన్ రోమన్ సామ్రాజ్య పతన చరిత్ర మొదటి సంపుటం 1776లో వచ్చినప్పుడు నోట్సన్నీ పుస్తకం చివర ఉన్నాయి. మరణానికి కొద్ది నెలల ముందు డేవిడ్ హ్యూమ్ ఆ పుస్తకం చదివి, ప్రతిసారీ చివరికి తిప్పి చూడటం విసుగుగా ఉంది, వాటిని పేజీ అడుగున వేయమని ముద్రాపకుడికి రాశాడు. తర్వాత వచ్చిన ఒక కూర్పులో అవి కిందికి దిగాయి. ఒప్పుకున్నందుకు తరచూ పశ్చాత్తాపపడ్డానని గిబ్బన్ తన జీవితకథలో రాసుకున్నాడు. ఫుట్‌నోట్ చరిత్రకారుడి నిజాయితీకి గుర్తని మనం గౌరవిస్తాం గాని, ఇంగ్లీషులో అంత పేరుమోసిన ఫుట్‌నోట్లు పేజీ అడుగుకు చేరింది ఒక పాఠకుడి చేతి శ్రమ తగ్గించడానికి.

పత్రికలు, వ్యాసాలు పెరిగాక పాఠకుడి ముందున్నది ఒక్క పుస్తకం కాదు, గ్రంథాలయం. అక్కడి కేటలాగు రచయిత ఇంటిపేరు అక్షరక్రమంలో ఉండేది. హార్వర్డ్‌లో జంతుశాస్త్రం బోధించిన ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో గుల్ల లేని ఒక జాతి నత్త అండాల గురించి రాసిన సుదీర్ఘ పరిశోధనలో, వాక్యం మధ్యనే బ్రాకెట్లో రచయిత పేరు, సంవత్సరం ఇచ్చి, పూర్తి వివరాలు చివరి జాబితాలో పెట్టాడు. నేడు హార్వర్డ్ పద్ధతి అని పిలిచేదానికి మూలం అదేనంటారు. ఆ విశ్వవిద్యాలయం కూర్చుని తీర్మానించిందేమీ లేదు. అచ్చు అక్షరాలు చేత్తో పేర్చే రోజుల్లో ఒక ఫుట్‌నోట్ చేరిస్తే పేజీలు వరసగా కదిలిపోయేవి. బ్రాకెట్‌కు ఆ బెడద లేదు. నియమాలూ చిన్నగానే మొదలయ్యాయి: 1929లో అమెరికా మనస్తత్వశాస్త్ర పత్రికల సంపాదకులు ప్రచురించిన మొదటి సూచనలు ఏడు పేజీలే. 1978లో వాంకూవర్‌లో కలుసుకున్న వైద్యపత్రికల సంపాదకులది ఇంకా నేలబారు సమస్య: ఒక పత్రిక తిరస్కరించిన వ్యాసాన్ని ఇంకో పత్రికకు పంపాలంటే రచయిత మొత్తం మళ్ళీ టైపు చేయించుకోవాల్సి వచ్చేది. అంకెల వరసలో రెఫరెన్సులిచ్చే వాంకూవర్ పద్ధతి ఆ తంటా తగ్గించడానికి పుట్టింది.

ఈ పద్ధతులన్నీ ఒక ఊహ మీద నిలిచాయి: పేరులో చివరి మాట వంశానిది, ముందున్నవి మనిషివి. తెలుగు పేరు నడక దీనికి ఎదురు. యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్ కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద 1925లో రాసిన వ్యాసాన్ని వేలసార్లు ఉదహరించారు. దాదాపు ప్రతిసారీ 'సుబ్బారావు వై.' అనే. ఇంటిపేరు పొడి అక్షరమైంది, పెట్టినపేరు వంశనామమైంది. మనవాళ్ళూ 'వై. సుబ్బారావు' అనే రాస్తారు కదా, నష్టమేమిటని అడగవచ్చు. ఆయన విషయంలో నిజంగానే నష్టం లేదు, అదృష్టవశాత్తూ. కల్యంపూడి రాధాకృష్ణరావు సంగతి వేరు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం ప్రపంచమంతా 'రావు సి.ఆర్.' పేరున చలామణీ అయింది. ఆయన్ని గుర్తుపట్టించే కల్యంపూడి ఒక్క అక్షరానికి కుదించుకుపోగా, వేలమంది పేర్ల చివర మర్యాదకు తగిలించే 'రావు' అక్షరక్రమంలో తలుపు దగ్గర నిలబడింది. ఇక్కడున్నప్పుడు ఒక వరసలో, విదేశం వెళ్ళి పాస్‌పోర్టు గళ్ళకు తగ్గట్టు పేరు మార్చుకున్నాక ఇంకో వరసలో రాసినవాళ్ళు సూచికల్లో ఇద్దరుగా చీలిపోతారు.

ఏకరూపత లేకపోతే ఎవరూ ఏదీ వెతకలేరన్న అభ్యంతరం బరువైనదే. పత్రికకో తీరుంటే పాఠకుడు నలుగుతాడు, దాన్ని కాదనలేను. కానీ ఏకరూపతకూ ఒకే దేశపు పేర్ల అలవాటుకూ ముడి తప్పనిసరి కాదని గ్రంథాలయాలవాళ్ళు చాలాకాలం క్రితమే గ్రహించారు. 1961లో పారిస్‌లో జరిగిన కేటలాగింగ్ సమావేశం, పేరులో ఏ మాట కింద రచయితను చేర్చాలన్నది వీలైనంతవరకు ఆయన దేశపు వాడుకనుబట్టే నిర్ణయించాలని సూత్రం చేసింది. అంటే నియమం ఒకటే, దాని అమలు పేరునుబట్టి. కేటలాగు కార్డు రాసే ఉద్యోగికి సాధ్యమైన ఈ విచక్షణ పత్రికల సూచనల పుస్తకాల్లోకి సరిగా ఎక్కలేదు. ఐస్లాండ్ పేర్లకు అక్కడక్కడ మినహాయింపు కనబడుతుంది. తెలుగు పేరుకు అంతటి శ్రద్ధ దక్కడం అరుదు.

ఇవన్నీ సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, ఈ గొడవ దేనికని రెండో అభ్యంతరం. 1985 నాటి బిబ్‌టెక్ నుంచి 2006లో వచ్చిన జొటేరో దాకా, కామాలూ చుక్కలూ సర్దే పని యంత్రానిదే. అయితే యంత్రం కూడా పేరును 'ఇంటిపేరు', 'పెట్టినపేరు' అని రెండు గళ్ళలోనే అడుగుతుంది. చివరి మాటను మొదటి గడిలో వేసేది చాలాసార్లు అదే. 2000 నుంచి వ్యాసాలకు డీఓఐ సంఖ్యలు, 2012 నుంచి రచయితలకు ఆర్కిడ్ సంఖ్యలు వచ్చాయి. ఇవాళ రెఫరెన్సు చూసినవాడు కేటలాగు అర దగ్గరికి పోడు, ఆ సంఖ్య మీద నొక్కుతాడు. వెతకడానికి పేరుతో పనిలేనప్పుడు, రచయిత తన పేరు ఎలా రాసుకుంటే అలాగే అచ్చువేయడానికి అడ్డేమిటో సూచనల పుస్తకాలు చెప్పాలి. కొందరు ప్రచురణకర్తలు తొలిసారి పంపే ప్రతిలో ఏ పద్ధతైనా సరే, మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఉంటే చాలంటున్నారు. అంగీకరించాక తమ తీరుకు తామే మార్చుకుంటారు. కామాల విషయంలో చూపిన ఈ సడలింపు ఇంటిపేరు దాకా ఇంకా రాలేదు.